రెండో వరుస కొలతలు

పోయిన వారం వనజను మనం ఇస్నాపూర్ చౌరస్తాలో, చేతిలో ఒక పిలుపు కాగితంతో, విడిచి వచ్చాం. హైవే పక్కనున్న ప్రైవేటు కళాశాలలో ఫ్యాషన్ డిజైన్ పాఠాలు చెబుతూ, తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు అధ్యాపకురాలిగానే మిగిలిపోయిన మనిషి ఆమె. ఫార్మా కంపెనీల్లో పనిచేసే నూట అరవై ముగ్గురు ఆడవాళ్ల ఒంటి కొలతలు స్వయంగా తీసి, వాళ్లకు నప్పే కవరాల్‌కు, అంటే మెడ నుంచి మడమ దాకా ఒక్కటిగా కుట్టే పని దుస్తులకు, కొత్త కత్తిరింపు నమూనా తయారు చేసింది. ఆ పత్రాన్ని తాను సభ్యురాలిగా ఉన్న వస్త్ర విన్యాస అధ్యాపకుల సంఘానికి పంపింది. తీరా చూస్తే అవే అంకెలు, అదే పట్టిక, ఐదు రోజుల ముందే ఆమె విభాగాధిపతి ప్రొఫెసర్ దుర్గాదేవి పేరుతో అక్కడికి చేరి ఉన్నాయి. ఒక పనికి ఇద్దరు హక్కుదారులు. తేల్చడానికి సంఘం శనివారం ఉదయం ఇద్దరినీ సంగారెడ్డికి రమ్మంది.

సోమవారం కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పత్రం ఆమోదం పొందినట్టు సంఘం ఉత్తరం చేతిలో ఉంటే వనజ ఆ గదిలోకి అడుగు పెట్టగలదు. లేకపోతే ఆమెను పిలవరు. ఆ ఉద్యోగం మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పగల మనిషి కళాశాలలో లేడు.

శనివారం ఉదయం సంగారెడ్డి బస్సులో వనజ పక్కన బీరమ్మ కూర్చుంది. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో పదహారేళ్లుగా, మందుపొడి ఆరబెట్టే ట్రేలు కడిగే పని ఆమెది. ఇస్నాపూర్‌లో కిరాయి గది. కొలతలు తీసింది వనజేనని సాక్ష్యం చెప్పడానికి డ్యూటీకి సెలవు పెట్టి మరీ వచ్చింది.

“గట్ల బిగవట్టుకొని కూసున్నవేంది చెల్లె? పెండ్లిచూపులకు పోతున్నట్టున్నవ్,” అంది బీరమ్మ.

“గా పని ఎప్పుడో అయిపాయె అక్కా. ఇది సంఘం ముందట మాట్లాడేది.”

“మా పొదుపు సంఘం లెక్కనా? గండ్ల గూడ అందరు ఒక్కపారే మాట్లాడ్తరు. ఇనేటోళ్లు ఎవ్వరుండరు.”

“ఈడ ఇంటరు. గందుకే పోతున్న.”

“ఇనకుంటే నన్ను పిలువు. మా సూపర్‌వైజరే నా నోటికి భయపడ్తడు.”

వనజ నవ్వింది. వారం రోజుల తరువాత అదే మొదటి నవ్వు.

రెండేళ్ల కిందట ఆమె ఆ సంఘంలో చేరినప్పుడు స్టాఫ్ రూములో అందరూ తేలిగ్గా మాట్లాడారు. గుర్తింపు కార్డు తప్ప దానితో ఏమొస్తుందని ఒకరు, సభలకు వెళ్తే భోజనం పెడతారా అని మరొకరు. వాళ్లను తప్పుపట్టలేం. కళాశాల గేటు లోపల తొమ్మిదేళ్లపాటు వనజను ఎవరైనా అడిగింది హాజరు పట్టీ గురించి, లేదా ఫ్రెషర్స్ డే ర్యాంప్ అలంకరణ గురించే. సంఘం మొదటి సభలో, టీ గ్లాసుతో నిలబడి ఉన్న ఒక అపరిచితురాలు మాత్రం, “మీరు దేనిమీద పనిచేస్తున్నారు?” అని అడిగింది. జవాబు చెప్పడానికి వనజ దగ్గర ఏమీ లేకపోయింది. ఆ సిగ్గే ఆమెను ఇస్నాపూర్ కార్మికుల గదుల వరసల్లోకి, చేతిలో కొలత టేపుతో, నడిపించింది.

అడిగిన ఆమె పేరు హర్షిణి. సంఘం కొత్త సభ్యులకు ఒక్కొక్క పెద్ద అధ్యాపకురాలిని తోడు ఇస్తుంది. వనజకు ఆమెనే ఇచ్చింది. హర్షిణి వనజ ముసాయిదాను మూడుసార్లు ఎర్ర సిరాతో నింపి తిప్పి పంపింది. నాలుగోసారి ఒక్క వాక్యం రాసింది: “ఇప్పుడు ఇది ఎవరి ముందైనా నిలబడుతుంది.” కళాశాల గ్రంథాలయంలో లేని కొలత పట్టికలు సంఘం గ్రంథాలయం నుంచి వచ్చాయి. సంఘం నడిపిన రెండు శిక్షణ తరగతుల్లో వనజ స్వయంగా పాఠం చెప్పింది. తన పని విలువ ఎంతో తెలిసిన మనుషులు కళాశాల గేటు బయట ఉన్నారని తెలిశాక ఆమె నడక మారింది. ఆ మార్పును మొట్టమొదట గమనించింది దుర్గాదేవి. ఒకరోజు పిలిచి, “డిపార్ట్‌మెంట్ రికార్డుకి ఆ పట్టిక ఒకసారి పంపించు వనజా,” అంది. వనజ పంపింది. పద్ధతి వివరించే అధ్యాయం అప్పటికింకా రాయలేదు గనుక, ఒకటి, రెండు అని అంకెలు వేసిన రెండు వరుసల కొలతలు మాత్రమే పంపింది.

సంఘం కార్యాలయం సంగారెడ్డి బస్టాండుకు దగ్గరలో, దారాలూ గుండీలూ అమ్మే దుకాణం పైన, రెండు గదులు. బీరమ్మ వరండాలోని బెంచీ మీద కూర్చుంది. లోపల అధ్యక్షుడు డాక్టర్ పెద్దరాములు, పక్కన నివేదిక రాసుకునే సభ్యురాలు నాగవల్లి ఉన్నారు. పెద్దరాములు గారు ముప్పై ఐదేళ్లు వస్త్ర సాంకేతికత బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. చొక్కా జేబులో ఇప్పటికీ రెండు సుద్దముక్కలు ఉంటాయి. ఎవరి కుట్టునైనా తిరగేసి చూసిన తరువాతే మాట్లాడతారని పేరు.

దుర్గాదేవి అప్పటికే వచ్చి ఉంది. గంజి పెట్టిన నేత చీర, వెండి జరీ అంచు. తండ్రి గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం చేశాడు. ఆమె పుట్టి పెరిగింది ప్లాంటు క్వార్టర్లలో, ఇప్పుడు ఇల్లు పటేల్‌గూడలో. అయినా మాటలో కోస్తా యాస తీపి పోలేదు.

“టిఫిన్ చేశావా వనజా? ముఖం వాడిపోయింది. ఇంట్లో తేల్చుకునే విషయం ఇంతదాకా తెచ్చుకున్నావు చూడు.”

“ఇంట్లో అడిగాను మేడమ్. మీరు తలుపు తీయలేదు.”

పెద్దరాములు గారు గొంతు సవరించుకున్నారు. “మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇద్దరి పత్రాలూ నాగవల్లి గారికి ఇచ్చేయండి. ఫోన్లు కూడా. గోడ మీద నల్లబల్ల ఉంది, నా దగ్గర సుద్దముక్క ఉంది. పని చేసినవాళ్లకు కాగితం అక్కర్లేదు. మీరు పెద్దవారు దుర్గాదేవి గారూ, ముందు మీరు చెప్పండి.”

దుర్గాదేవి చెప్పింది. బాగా చెప్పింది. మగవాళ్ల ఒంటికి కత్తిరించిన కవరాల్ ఆడవాళ్లకు భుజాల దగ్గర ఎలా వేలాడుతుందో, తుంటి దగ్గర ఎలా పట్టేస్తుందో నల్లబల్ల మీద రెండు గీతల్లో చూపించింది. ఇరవై ఆరేళ్ల బోధన ఆమె చేతిలో ఉంది, దాన్ని కాదనలేం. వనజ ఒకప్పుడు ఆ గీతల్ని చూసే ఈ వృత్తిలోకి రావాలని అనుకుంది. ఇప్పుడు అవే గీతలు తన మీదికి వస్తుంటే చూస్తూ కూర్చుంది.

“కొలతలు తీయడానికి వనజను పంపించానండి. కాదనను. టేపు పట్టుకుంది, అంకెలు రాసుకుంది. అలాంటివాళ్లకి కృతజ్ఞతల్లో చోటిస్తాం. నేనూ ఇచ్చాను,” అని ముగించింది దుర్గాదేవి.

పెద్దరాములు గారు పట్టికను ముందుకు లాక్కున్నారు. “వెనక కొలత చూస్తున్నాను. మెడ ఎముక నుంచి వీపు మీదుగా కాళ్ల మధ్య కుట్టు దాకా. దానికి రెండు వరుసలున్నాయి. ఎందుకమ్మా?”

“మరుకొలతండి. మొదటిసారి తీసిన దాంట్లో పొరపాటుంటే తెలుసుకోడానికి రెండోసారి తీస్తాం. పరిశోధనలో మామూలే కదండీ.”

“మామూలే.” ఆయన వేలు పట్టిక మీద కిందికి జారింది, ఏ తొందరా లేకుండా. “కాకపోతే నాకొక చిక్కు. నూట అరవై మూడు మందిలో ఒక్కరికైనా రెండోసారి తక్కువ రాలేదు. అందరికీ ఎక్కువే. మూడున్నర అంగుళాల నుంచి ఐదంగుళాల దాకా. చేతి పొరపాటయితే ఒకరికి ఎక్కువా ఇంకొకరికి తక్కువా రావాలి. ఇది ఎప్పుడూ ఒకవైపే ఎందుకు పోయింది?”

కింద దుకాణంలో ఎవరో గుండీల డబ్బా తలకిందులు చేసిన చప్పుడు వినిపించింది.

“వనజ టేపు వదులుగా పట్టి ఉంటుందండి. అనుభవం లేని చెయ్యి.”

“వదులుగా పట్టిన టేపు మీద మీ నమూనా మొత్తం నిలబెట్టారా?” అన్నారాయన, గొంతు పెంచకుండానే. నాగవల్లి కలం కాగితం మీద కదిలింది. దుర్గాదేవి కుర్చీలో కూర్చుని చీర అంచు సరిచేసుకుంది. ఆమె అలా చేయడం వనజ అంతకు ముందెన్నడూ చూడలేదు.

“మీరు చెప్పండమ్మా.”

వనజ లేచింది. సుద్దముక్క అందుకుంది గాని గీత గీయలేదు. నల్లబల్ల ముందు నేల మీద గొంతుక్కూర్చుంది. చీర కట్టుకున్న ముప్పై నాలుగేళ్ల అధ్యాపకురాలు, విచారణ గదిలో, మోకాళ్లు ఛాతీకి ఆనించి. దుర్గాదేవి మొహం తిప్పుకుంది.

“రెండో వరుస ఈ కూర్చోవడానిది,” అంది వనజ నేల మీది నుంచే. “మొదటిది నిలబడి ఉండగా తీసింది. ట్రేలు కడిగేవాళ్లు డ్యూటీలో ఆరు గంటలు ఇట్లాగే ఉంటారు. ఇట్లా కూర్చున్నప్పుడు వీపు సాగుతుంది, వెనక కొలత నాలుగంగుళాలు పెరుగుతుంది. కంపెనీ ఇచ్చే కవరాల్‌లో ఆ నాలుగంగుళాలు లేవు. అందుకే కాళ్ల మధ్య కుట్టు పిగులుతుంది. పిగిలిన చోటుకి వాళ్లు అతుకు వేసుకుంటారు. అతుకు ఉన్న బట్టతో లోపలికి రావద్దంటారు. అందుకని పిగిలిన బట్టతోనే, పదిమంది మగవాళ్ల ముందు వీళ్లు గోడకు వీపు ఆనించి నడుస్తారు. నేను ఆ నాలుగంగుళాల్ని వీపు మీద రెండు మడతలుగా దాచాను. నిలబడితే మూసుకుంటాయి, కూర్చుంటే విచ్చుకుంటాయి.”

ఆమె లేచి, ఇప్పుడు గీసింది. రెండు మడతలు, మధ్యలో కుట్టు, కింద రెండు గుర్తులు.

పెద్దరాములు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నిలబెట్టి కొలవడం పుస్తకాల్లో ఉంటుంది. కూర్చోబెట్టి కొలవాలని మీకు ఎట్లా తోచింది?”

ఇది తన పనేనని నిరూపించడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది? వనజ ఉత్సాహంగా అందుకుంది. “మొదటి పదిహేను మందిని నిలబెట్టే కొలిచాను సార్. పదహారో ఆమె నా టేపు చూసి ఒకటే నవ్వు. ‘మమ్ముల నిలవెట్టి కొలుస్తున్నవేంది చెల్లె, మేము నిలవడి పని చేస్తమా? బట్ట పిగిలేది కూసున్నప్పుడు. కూసున్నంక కొలువు,’ అన్నది. అక్కడికక్కడే గొంతుక్కూర్చుని చూపించింది. ఆ పదిహేను మంది గదులకూ మళ్లీ వెళ్లి కొలిచాను.”

“ఆ మాట అన్నది ఎవరు?”

“బీరమ్మ. నా సాక్షి. బయట బెంచీ మీద ఉన్నారు.”

“పత్రంలో ఆ పేరు ఏ పేజీలో ఉంది?”

నలభై రెండు పేజీల పత్రం అది. నూట అరవై ముగ్గురు ఆడవాళ్లు అందులో వరుస సంఖ్యలుగా ఉన్నారు. బీరమ్మ పదహారో సంఖ్య. గోప్యత కోసం అలా రాయాలని నియమం. ఆ నియమం వెనక తాను ఎంత హాయిగా నిలబడిందో వనజకు ఆ క్షణం వరకూ కనబడలేదు.

“లేదు సార్.”

దుర్గాదేవి నవ్వలేదు. నవ్వి ఉంటే వనజకు తేలికయ్యేది. “నా పీహెచ్‌డీ అప్పుడు మా గైడుగారు నా అధ్యాయాలు రెండు తన పేరుతో వేసుకున్నారండి,” అంది ఆమె మెల్లగా. “నేను ఏ సంఘం దగ్గరికీ వెళ్లలేదు. అప్పట్లో వెళ్లచ్చని కూడా తెలీదు. ఇది ఇంతే అనుకున్నాను. మరి ఈ అమ్మాయిని ఏమంటారు? నేను ఒకరి పేరు మింగితే దొంగనా, తను మింగితే పరిశోధకురాలా?”

“మీ పేరుతో వచ్చిన పత్రాన్ని తోసిపుచ్చుతున్నాం దుర్గాదేవి గారూ. అది అయిపోయింది,” అన్నారు పెద్దరాములు గారు. “మీకు జరిగిన అన్యాయం నిజమే అయి ఉండొచ్చు. అది చెప్పుకోవలసిన చోటు కూడా ఇదే. ఈ అమ్మాయి పట్టిక కాదు.” తరువాత వనజ వైపు తిరిగారు. “ఇక ఇది మీ పత్రం. మా నిబంధన ప్రకారం ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. ‘ఈ పనిలోని ఆలోచన, కొలత పద్ధతి నావి, మరొకరి పాలు లేదు.’ చేస్తారా? దానికి ముందు ఆమెను ఒకమాట అడుగుదాం. నాగవల్లి గారూ, పిలవండి.”

బీరమ్మ చెప్పులు వరండాలోనే విడిచి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఒకసారి అందరి ముఖాలూ చూసింది. దుర్గాదేవి ఎర్రబడిన కళ్లు, వనజ తెల్లబోయిన ముఖం, బల్ల మీద కాగితం, పక్కన కలం. పదహారేళ్లు సూపర్‌వైజర్ల ముఖాలు చదివిన మనిషికి గది చదవడం కష్టం కాదు.

“అమ్మా, కూర్చోబెట్టి కొలవమని వనజ గారికి మీరేనా చెప్పింది?”

బీరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “నాకేం ఎరుక సారూ? చదువు రానిదాన్ని. అంత మేడమే చెప్పింది. కూసో అంటే కూసున్న, లెవ్వంటే లేసిన.”

దుర్గాదేవి తల ఎత్తి ఆమెను చూసింది. పెద్దరాములు గారు ప్రకటన కాగితాన్ని వనజ ముందుకు జరిపారు.

కాగితం మీద గీత గీసిన చోట సంతకం పడితే చాలు. తొమ్మిదేళ్ల కాంట్రాక్టు ముగుస్తుంది, సోమవారం తలుపు తెరుచుకుంటుంది, నల్లబల్ల మీద గెలిచిన గెలుపు పదిమందికీ తెలుస్తుంది. అబద్ధం ఆడింది కూడా తాను కాదు. సాక్షి తన ఇష్టంతో చెప్పింది, నాగవల్లి రాసుకుంది. ఇంత సులువుగా, ఇంత ప్రేమగా ఒక మనిషి తన పేరును ఇంకొకరికి ఇచ్చేయగలదని వనజ ఎన్నడూ ఊహించలేదు. ఇరవై ఏళ్ల కిందట దుర్గాదేవి కూడా తన గైడుకు ఇలాగే తల ఊపి ఉంటుంది.

“సార్, ఆమె చెప్పింది నిజం కాదు.”

“ఊకో చెల్లె,” అంది బీరమ్మ గొంతు తగ్గించి. “అయిన పని చెడగొట్టకు.”

“నూట నలభై ఎనిమిది మందిని మొదటినుంచీ సరిగ్గా కొలిచానంటే ఆమె మాట వల్లే. మడతలు నావి. పద్ధతి ఆమెది. ఇద్దరి పేర్లూ ఉండాలి.”

పెద్దరాములు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. “ఇద్దరి పేర్లతో వేయాలంటే కొత్తగా దాఖలు చేయాలి. మళ్లీ సమీక్ష, ఎంత త్వరపడినా నెల. సోమవారానికి మా ఉత్తరం మీకు అందదు. తెలిసే అంటున్నారా?”

“తెలిసే అంటున్న సార్.” జవాబు ఇంటి మాటలో వచ్చేసింది. వనజ దాన్ని సరిదిద్దుకోలేదు. కొత్త దరఖాస్తు అడిగి తీసుకుని, మొదటి గీత మీద తన పేరు రాసి, కాగితాన్నీ కలాన్నీ బీరమ్మ వైపు తిప్పింది. “రెండో గీత మీద నీ పేరు రాయి అక్కా. పొదుపు సంఘం బుక్కుల రాస్తవు గద, గట్లనే.”

బీరమ్మ కలం ముట్టుకోలేదు. కొంగు చేతికి చుట్టుకుని, వనజను కాదు, పెద్దరాములు గారిని సూటిగా చూసింది.

“చదువు రాదని ఉత్తగనే అన్న సారూ. పేరు రాయొస్తది. మా కంపెనీ బట్టలు పిగులుతయని బుక్కుల ఎక్కినంక, కింద నా పేరుంటే, తెల్లారి గేటుకాడ నన్ను లోపలికి రానిస్తరా? గా సంగతి మీ సంఘం చూసుకుంటదా?”